అమ్మ ఒక్కతే వెళ్లొచ్చింది: సియాటిల్ ఈస్ట్‌సైడ్ 2 లైన్ రైలు మీద నా రివ్యూ

అమ్మానాన్నల్ని ఇండియా నుంచి పిలిపించుకోబోతున్న వాళ్ల కోసం ముఖ్యంగా ఇది రాస్తున్నాను. సియాటిల్‌కి తూర్పున సరస్సు అవతల బెల్వ్యూ, రెడ్మండ్ వైపు ఉండే మనవాళ్లందరికీ ఇక్కడి లైట్ రైలు, 2 లైన్, తెలుసు, కానీ నా చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది ఒక ఆదివారం పిల్లలకి సరదాగా ఎక్కించి చూపించి, ఫోటోలు దిగి, మళ్లీ కార్లోకి వచ్చేశారు. నేనూ అంతే ఉండేదాన్ని, అమ్మ రాకపోయి ఉంటే. రేటింగ్ ముందే చెప్పేస్తాను: రైలుకి ఐదుకి ఐదు, స్టేషన్లకి నాలుగు, ఇంటి నుంచి స్టేషన్ దాకా నడిచే దారికి రెండున్నర. ఆ రెండున్నర గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అది రైలువాళ్ల చేతిలో లేదు, మన సిటీ కౌన్సిల్ చేతిలో ఉంది, ఆ మీటింగులకి మనం వెళ్లం.

అమ్మది తెనాలి. ఇరవై ఎనిమిదేళ్లు పల్లెటూరి బళ్లో టీచరు. రోజూ ఆర్టీసీ బస్సులో వెళ్లి రావడం, సీటు దొరికితే నోటు పుస్తకాలు దిద్దుకోవడం, దొరక్కపోతే నిలబడే వెళ్లడం. అలాంటి మనిషి 2019లో మొదటిసారి మా దగ్గరికి వచ్చినప్పుడు ఆరు నెలలు వంటింటి కిటికీ దగ్గర కూర్చుంది. మేముండేది ఓవర్‌లేక్ వైపు, సగం రెడ్మండ్, సగం బెల్వ్యూ అన్నట్టుండే చోటు. కూరగాయలకి నా కారు, గుడికి నా కారు, ఊరికే బయట గాలికి తిరగాలన్నా నా కారు. "మీ ఇద్దరికీ తీరిక దొరికితేనే నాకు బయటి ప్రపంచం" అని ఒకసారి మెల్లగా అంది. కోపంగా అనలేదు. అందుకే అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండోసారి 2025 మే నెలలో వచ్చింది. అప్పటికి 2 లైన్ మొదటి ముక్క మొదలై ఏడాది దాటింది. 2024 ఏప్రిల్ 27న సౌత్ బెల్వ్యూ నుంచి రెడ్మండ్ టెక్నాలజీ స్టేషన్ దాకా ఎనిమిది స్టేషన్లతో మొదలుపెట్టారు. 2025 మే 10న మేరీమూర్ విలేజ్, డౌన్‌టౌన్ రెడ్మండ్ రెండూ కలిశాయి. అంటే అమ్మ దిగేసరికి మా ఇంటి దగ్గర ఎక్కితే ఒకవైపు రెడ్మండ్ ఊరి మధ్యకి, ఇంకోవైపు బెల్వ్యూ ఊరి మధ్యకి పోవచ్చు. పగటిపూట పది నిమిషాలకో రైలు.

మొదటి రోజు నేనే తీసుకెళ్లాను. ఇక్కడ గేట్లు ఉండవు, ప్లాట్‌ఫామ్‌కి వెళ్లే ముందు పసుపు రంగు మెషీన్ దగ్గర ఆర్కా కార్డు (ఇక్కడి రైళ్లకీ బస్సులకీ పనికొచ్చే టికెట్ కార్డు) తాకించి ఎక్కేయడమే. అమ్మకి అదేం నచ్చలేదు. "కండక్టర్ లేడు, గేటు లేదు, మరి టికెట్ కొన్నట్టు ఎవరికి తెలుస్తుంది?" అని అడిగింది. అప్పుడప్పుడు చెక్ చేసేవాళ్లు ఎక్కుతారని చెబితే ఊరుకుంది కానీ, ఆరు నెలల్లో ఒక్కసారి కూడా తాకించడం మర్చిపోలేదు, మెషీన్ కీచుమనేదాకా అక్కడే నిలబడేది. రైల్లో స్టేషన్ వచ్చే ముందు తలుపులు ఏ వైపు తెరుచుకుంటాయో ఒక గొంతు చెబుతుంది. ఇంగ్లీషులో "తలుపులు నా కుడివైపు" అన్నట్టు, అంటే రైలే మనతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అమ్మ ఆ మాట పట్టుకుంది. "నా కుడివైపు అంటోందే, ఎంత ముద్దుగా చెప్పిందో" అని. ఆ తర్వాత ఇంట్లో మా బాబుకి అన్నం పెట్టేటప్పుడు కూడా "గరిట నా ఎడమవైపు" అని వాణ్ణి నవ్వించేది.

మూడో వారానికి ఒక్కతే వెళ్లింది. నేను ఆఫీసులో టెన్షన్‌తో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. పదకొండున్నరకి ఫోటో వచ్చింది. బెల్వ్యూ డౌన్‌టౌన్ పార్కులో నీళ్ల పక్కన బెంచీ మీద తన చెప్పుల సంచీ, పక్కన సగం తిన్న అరటిపండు. నాకు ఏడుపొచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, భాష సగమే వచ్చిన ఊళ్లో, ఎవర్నీ అడక్కుండా వెళ్లి కూర్చుంది. 2019లో ఆరు నెలల్లో జరగనిది మూడు వారాల్లో జరిగింది.

తర్వాత ఆవిడకి ఒక జత కూడా దొరికింది. పక్క బిల్డింగులో వరంగల్ నుంచి వచ్చిన ఒకావిడ, కొడుకు దగ్గరికి. "వదినా, పోదామా ఇయాల?" అని ఆవిడ పొద్దున్నే కింద నుంచే పిలిచేది, అమ్మ "వస్తున్నా వదినగారూ, ఒక్క నిమిషం" అని షూ వేసుకునేది. చీర మీద స్వెటర్, కాళ్లకి స్పోర్ట్స్ షూ. ఇద్దరూ కలిసి బెల్వ్యూ లైబ్రరీకి వెళ్లేవారు, స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. మేరీమూర్ పార్కుకి వెళ్లేవారు. వానొస్తే బి లైన్ బస్సు ఎక్కి క్రాస్‌రోడ్స్ మాల్‌కి. అక్కడ నేల మీద మనిషి నడుము దాకా వచ్చే బొమ్మలతో పెద్ద చదరంగం ఉంటుంది, మన పెద్దవాళ్లు చాలామంది అక్కడే కనబడతారు. ఆర్కా కార్డు మీద అయితే రెండు గంటల లోపు రైలు నుంచి బస్సుకి మారినా మళ్లీ మొదటి నుంచి డబ్బు పోదు. ఇది చాలామందికి తెలియదు, అందుకే చెబుతున్నాను.

డబ్బు సంగతి: మామూలు టికెట్ ఎంత దూరమైనా 3 డాలర్లు. 2024 ఆగస్టు చివర్లో దూరాన్ని బట్టి ఛార్జీ తీసేసి ఇలా పెట్టారు, దిగేటప్పుడు మళ్లీ కార్డు తాకించే పని కూడా పోయింది. 65 దాటిన వాళ్లకి సీనియర్ కార్డు చేయిస్తే 1 డాలర్. 18 ఏళ్లు, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకి ఫ్రీ. అమ్మానాన్నలు దిగిన మొదటి వారంలోనే ఆ సీనియర్ కార్డు చేయించండి. రోజుకి ఆరు డాలర్లు అంటే వాళ్లు లోపల రూపాయల్లో లెక్కేసుకుని ఇంట్లో కూర్చుంటారు. రెండు డాలర్లు అంటే బయల్దేరతారు.

స్టేషన్లు శుభ్రంగా ఉన్నాయి, కూర్చోవడానికి చోటు కొంచెం తక్కువ, గాలివాన రోజుల్లో కప్పు కింద కూడా తడుస్తాం. కారు పెట్టుకునేవాళ్లకి సౌత్ బెల్వ్యూలో 1,500, మేరీమూర్ విలేజ్‌లో 1,400 చోట్లున్న గ్యారేజీలున్నాయి. రెడ్మండ్ టెక్నాలజీలో 300 మాత్రమే, కానీ అక్కడ హైవే మీదుగా నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వేసిన వంతెన ఉంది, సాయంత్రం పూట దాని మీద నడిస్తే ప్రాణం లేచొస్తుంది.

ఇక అసలు విషయం. ఈ రైలు ఊరికే రాలేదు. 2008 నవంబర్‌లో జనం ఓటేసి పన్ను కట్టడానికి ఒప్పుకుంటే, మొదటి రైలు కదిలింది 2024లో. మధ్యలో పదహారేళ్లు. ఆ పదహారేళ్లలో మొదటి కొన్నేళ్లు బెల్వ్యూ సిటీ కౌన్సిల్‌లో స్టేషన్ ఎక్కడ పెట్టాలి, పట్టాలు ఏ వీధి పక్క నుంచి పోవాలి అన్న వాదనల్లోనే గడిచింది. సర్రే డౌన్స్ అనే పాత కాలనీ వాళ్లు ఇళ్ల పక్కన చప్పుడు అన్నారు. కొందరు కౌన్సిలర్లు పట్టాల్ని ఊరికి దూరంగా ఫ్రీవే వైపు జరపాలన్నారు, ఇంకొందరు అలా జరిపితే ఎక్కేదెవరన్నారు. బెల్వ్యూ స్క్వేర్ మాల్ యజమాని సరస్సు మీదున్న ఫ్రీవే వంతెన మీద రైలు వద్దని కోర్టుకెళ్తే, 2013లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. ఊరి మధ్య రోడ్డు మీదే పట్టాలు వేస్తే ట్రాఫిక్ ఆగిపోతుందని సొరంగం అడిగారు, దానికోసం 2011లో సిటీ తన వంతు 16 కోట్ల డాలర్ల దాకా భరించడానికి ఒప్పందం చేసుకుంది. సుమారు 2,000 అడుగుల సొరంగం. తర్వాత ఖర్చు తగ్గించుకోవడానికి స్టేషన్‌ని సొరంగంలోంచి బయటికి తెచ్చి సిటీ హాల్ పక్కన పెట్టారు. అందుకే ఇప్పుడు మీరు బెల్వ్యూ డౌన్‌టౌన్‌లో దిగితే రెండడుగుల్లో కౌన్సిల్ కూర్చునే బిల్డింగు కనబడుతుంది.

ఇదంతా నాకు ముందు తెలియదు. అమ్మ అడిగింది కాబట్టి చదివాను. "ఈ స్టేషన్ ఇక్కడే ఎందుకు పెట్టారే, బజారు అటుంటే?" అని. బస్సుల్లో బతికిన మనిషికి అదే మొదట కనబడుతుంది. స్టాపు ఎక్కడుంది, అక్కడి నుంచి జనం వెళ్లాల్సిన చోటు ఎంత దూరం. మా ఊళ్లో కూడా బస్సు సెంటర్‌లో ఆగుతుందా, సెంటర్ దాటాక ఆగుతుందా అన్న దాని మీద కూరగాయల బుట్టలు మోసేవాళ్ల నడుములు ఆధారపడి ఉండేవని చెప్పింది.

జులైలో మా స్టేషన్ దారిలో ఒక కష్టం వచ్చింది. ఆ దారిలో పెద్ద అపార్ట్‌మెంట్ కడుతున్నారు. నాకు దాని మీద కోపం లేదు, స్టేషన్ పక్కన ఇళ్లు కట్టకపోతే ఇంకెక్కడ కడతారు. ఈ లైన్ మీదే ఉన్న స్ప్రింగ్ డిస్ట్రిక్ట్ అంతా ఒకప్పుడు గోడౌన్లే, ఇప్పుడు ఇళ్లూ ఆఫీసులూ. విల్బర్టన్ స్టేషన్ చుట్టూ పెద్ద బిల్డింగులు కట్టుకోవడానికి బెల్వ్యూ కౌన్సిల్ 2025లోనే నిబంధనలు మార్చింది. అలాగే కట్టాలి. కానీ మా దారిలో కట్టే కంపెనీ వాళ్లు ఒకరోజు పొద్దున ఫుట్‌పాత్‌కి అడ్డంగా ఇనుప కంచె పెట్టేసి, నడిచేవాళ్లు అవతలి వైపు వాడాలని నారింజ రంగు బోర్డు తగిలించారు. అవతలి వైపుకి వెళ్లాలంటే వెనక్కి సిగ్నల్ దాకా నడవాలి, దాటాలి, ముందుకి నడవాలి, మళ్లీ దాటాలి. ఐదు నిమిషాల దారి పదిహేను నిమిషాలయింది. అమ్మ రెండు రోజులు అలాగే తిరిగి వెళ్లింది. మూడో రోజు అందరిలాగే కంచె పక్క నుంచి రోడ్డు మీదకి దిగి నడిచింది. వెనక నుంచి కారు హారన్ కొట్టేసరికి బెదిరి కంచె పట్టుకుంది. అరచెయ్యి గీరుకుపోయింది. నాకు చెప్పలేదు. రాత్రి బాబు చెప్పాడు, అమ్మమ్మ చేతికి బ్యాండ్‌ఎయిడ్ నేనే వేశానని.

కంపెనీ బోర్డు మీదున్న నంబరుకి ఫోన్ చేశాను, మెసేజ్ పెట్టాను, జవాబు లేదు. మా సిటీకి ఆన్‌లైన్‌లో కంప్లైంట్ పెడితే ఒక నంబరు వచ్చింది, అంతే. అప్పుడు మా ఆయన అన్నాడు, కౌన్సిల్ మీటింగులో మాట్లాడొచ్చుగా అని. నాకు మొదట వచ్చిన అనుమానం, మనం వీసా మీద ఉన్నాం, ఓటు లేదు, మనల్ని మాట్లాడనిస్తారా? ఇది చదివేవాళ్లలో చాలామందికి అదే అనుమానం ఉంటుంది. ఓటు లేకపోయినా మాట్లాడొచ్చు. పేరు నమోదు చేసుకోవాలి, అంతే. ఎవరూ వీసా అడగరు, ఎన్నేళ్లుగా ఉంటున్నావని అడగరు. మనిషికి మూడు నిమిషాలు.

సెప్టెంబర్‌లో వెళ్లాను, అమ్మ కూడా వచ్చింది. చిన్న హాలు, ముందు అర్ధచంద్రంలా బల్ల, మాట్లాడే చోట మైకు, పక్కన టైమ్ చూపించే లైట్లు. నాకంటే ముందు ఒక పెద్దాయన లేచి తన వీధిలోంచి కార్లు అడ్డదారిగా దూసుకుపోతున్నాయని, స్పీడ్ బ్రేకర్లు వేయించమని చెప్పాడు. ఒకావిడ బస్టాప్ తన షాపు ముందు నుంచి తీసేయొద్దని వచ్చింది. కస్టమర్లు దానిమీదే వస్తారట. నేను అనుకున్నది షాపువాళ్లు స్టాపు వద్దంటారని, ఈవిడ కావాలని కొట్లాడుతోంది. ఇంకొకాయన కొత్త అపార్ట్‌మెంట్లకి పార్కింగ్ చాలదని, ఆ కార్లన్నీ తమ వీధిలోకే వస్తాయని చెప్పాడు. అందరూ చేతిలో కాగితం పట్టుకుని, గొంతు కొంచెం వణుకుతూ మాట్లాడినవాళ్లే. నా వంతు వచ్చేసరికి నా గొంతూ వణికింది. ఫోటోలు చూపించాను, కంచె పొడవు అడుగుల్లో చెప్పాను, అమ్మ చెయ్యి సంగతి చెప్పాను. పసుపు లైటు వెలిగేసరికి కంగారులో చివరి పేరా వదిలేశాను.

కౌన్సిలర్లు ఒక్క మాట మాట్లాడలేదు, థాంక్యూ తప్ప. బయటికి వచ్చాక అమ్మకి బాధగా ఉంది. "అడిగినదానికి జవాబు కూడా చెప్పరా? మా ఎంఈవో అయినా తిట్టో కసిరో ఏదో ఒకటి అనేవాడు" అంది. ఆ టైమ్‌లో వాళ్లు జవాబివ్వరని, వినడం వరకే అని, తర్వాత సిబ్బంది చూస్తారని నేను చెప్పినా నమ్మలేదు. నాలుగో రోజు ఈమెయిల్ వచ్చింది. ఆ పర్మిట్‌లో నడిచేవాళ్ల కోసం కప్పు వేసిన దారి వదలాలని ముందే రాసి ఉందట, కంపెనీ అది చేయలేదు. తొమ్మిదో రోజుకి చెక్కలతో దారి, పైన రేకు కప్పు, రాత్రికి లైటు కూడా. అమ్మ ఆ చెక్కల మీద అటూ ఇటూ రెండుసార్లు నడిచి చూసింది. వరంగల్ వదినగారు ఆ రోజు మాకు సర్వపిండి పంపింది.

ఇదంతా ఎందుకు ఇంత వివరంగా రాస్తున్నానంటే, వందల కోట్ల డాలర్లు పోసి రైలు వేశారు, సియాటిల్ వైపు వెళ్లే మార్గంలో పట్టాల కింద వేసిన వేల కాంక్రీటు దిమ్మెలు సరిగ్గా రాలేదని పగలగొట్టి మళ్లీ వేశారు, ఏళ్లు ఆలస్యమైనా పర్వాలేదని బాగు చేశారు. అంత శ్రద్ధ పెట్టిన రైలు కూడా ఒక ఇనుప కంచె దగ్గర మా అమ్మకి లేకుండా పోయింది. స్టేషన్ చుట్టూ ఉన్న పావు మైలు గురించి అడిగేవాళ్లు ఉండాలి, అడగాల్సింది రోజూ నడిచేవాళ్లే. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లలో భారతీయులం నేనూ అమ్మే. మన వీధుల్లో మనం ఎంతమందిమి ఉన్నామో మీకు తెలుసు.

ఇంకొక సంగతి మిగిలే ఉంది. స్టేషన్ ముందు పెద్ద రోడ్డు దాటాలి, మలుపుల లేన్లు కలిపి ఏడు. నడిచే మనిషి బొమ్మ వెలిగాక అంకెలు కిందకి లెక్కపెడుతూ 22 సెకన్లు ఇస్తుంది. నేను దాటగలను. అమ్మకి చివరి లేన్‌కి వచ్చేసరికి సున్నా అయిపోతుంది. రోజూ నోటితో లెక్కపెట్టుకుంటూ దాటేది, ఇంగ్లీషు అంకెలతో పాటే తెలుగులో, ఇరవై రెండు, ఇరవై ఒకటి, ఇరవై అని. "ఇంకో ఆరు సెకన్లు ఇస్తే వదినగారు కూడా ఆగకుండా దాటుతుందే, ఆవిడకి మోకాళ్ల నొప్పి" అని అక్టోబర్‌లో నాతో ఇంకో ఉత్తరం రాయించింది. ఆరు సెకన్లు అని ఎలా లెక్కేశావంటే, ఇద్దరూ పది రోజులు వాచీ పెట్టుకుని చూశారట. ఆ లెక్క కాగితం కూడా జతచేశాను, టీచరు చేతిరాతలో, తేదీలతో సహా. పరిశీలిస్తున్నాం అని జవాబొచ్చింది. సిగ్నల్ మారిస్తే వెనక కార్ల వరస పెరుగుతుందా అని ట్రాఫిక్ ఇంజనీర్లు చూడాలట. చూడనివ్వండి, కానీ చూసేటప్పుడు నడిచేవాళ్లని కూడా లెక్కపెట్టాలి.

అమ్మ నవంబర్‌లో వెళ్లిపోయింది. 2026 మార్చి 28న రైలు లేక్ వాషింగ్టన్ దాటి సియాటిల్‌కి కలిసింది, నీటి మీద తేలే వంతెన మీదుగా. ప్రపంచంలో అలాంటి వంతెన మీద నడిచే లైట్ రైలు ఇదే మొదటిది. ఇప్పుడు మా ఇంటి దగ్గర ఎక్కితే కారు తీయకుండా సియాటిల్ డౌన్‌టౌన్‌లో దిగొచ్చు. నీళ్ల మధ్యలో ఉన్నప్పుడు అమ్మకి వీడియో కాల్ చేసి కిటికీ వైపు ఫోన్ తిప్పాను. ఎండగా ఉంది ఆ రోజు, దూరంగా రెయినీర్ కొండ కూడా కనబడింది. కాసేపు చూసి, "బాగుంది కానీ, ఆ సిగ్నల్ సంగతేమైంది? పెంచారా?" అంది.

పోయిన ఆదివారం వెళ్లి ఫోన్‌లో టైమర్ పెట్టి చూశాను. ఇంకా 22 సెకన్లే. వచ్చే మీటింగుకి పేరిచ్చాను, ఈసారి వరంగల్ వదినగారి కొడుకు కూడా వస్తానన్నాడు.